డాబా మీద రాబిన్‌హుడ్: పిల్లలకి ఏ సినిమా వేయమంటారు?

డాబా టాకీస్ (పటమట, విజయవాడ) · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వేసవి సెలవులకి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు పాతికమంది దాకా చేరారు. మనవళ్ళు, మేనల్లుళ్ళు, చుట్టాల పిల్లలు. పొద్దున తొమ్మిది దాటితే కాలు బయట పెట్టే ఎండ కాదు. సాయంత్రం ఏడయ్యేసరికి అందరూ డాబా మీదే. వాళ్ళ కేకలకి అయిదో ఫ్లోరు వాళ్ళు పైకొచ్చి తిట్టడం, మేం సారీ చెప్పడం రోజూ జరిగే భాగవతం. ఈ గోల భరించలేక "వచ్చే శనివారం డాబా మీద సినిమా వేస్తాను, అంతవరకు నోరు మూసుకోండి" అన్నాను. నోరు జారాను. ఇప్పుడు లిఫ్ట్‌లో ఎవడు కనపడ్డా "అంకుల్, ఏ సినిమా?" అంటున్నాడు.

ప్రొజెక్టర్ మా బావమరిది ఇస్తానన్నాడు. తెరకి మా అమ్మ దగ్గర పెద్ద బెడ్‌షీట్ ఉంది.

నా మనసులో ఉన్నది 1938 నాటి రాబిన్‌హుడ్, ఎరాల్ ఫ్లిన్ వేసింది. ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచే ఇంగ్లండ్ అడవి దొంగ కథ. నాకు పదేళ్ళప్పుడు మా మేనమామ దాని వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చాడు. ఒక్క డైలాగ్ అర్థం కాలేదు. కానీ ఒక సీను మాత్రం ఈనాటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. కోటలో పెద్ద విందు జరుగుతుంటుంది. రాజుగారి తమ్ముడు ప్రిన్స్ జాన్ మధ్యలో కూర్చుని తింటుంటాడు. తలుపు తోసుకుని ఆకుపచ్చ బట్టల్లో ఒకడు వస్తాడు. భుజాల మీద చచ్చిన జింక, ఒక పక్క ముందు కాళ్ళు, ఇంకో పక్క వెనక కాళ్ళు. నవ్వుకుంటూ హాలంతా నడిచొచ్చి దాన్ని దబ్బున ప్రిన్స్ జాన్ ముందు బల్ల మీద పడేస్తాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళ తిండే తింటూ, మీ మీద తిరగబడతానని వాళ్ళ మొహం మీదే చెప్తాడు. రాజుగారి అడవిలో జింకని కొడితే ఉరి అని నాకప్పుడు తెలియదు. అది తెలియకపోయినా వాడి పొగరు అర్థమైంది.

ఎనభై ఏళ్ళు దాటిన ఇంగ్లీషు సినిమా ఈ కాలం పిల్లలకి ఎక్కుతుందా? లేకపోతే 1991లో కెవిన్ కాస్ట్‌నర్ వేసింది నయమా? 1973 నాటి డిస్నీ కార్టూన్ కూడా ఉంది. పెద్దలు సలహా చెప్పండి.

మిర్చి యార్డు (గుంటూరు) · 9:52

ఇంత దూరం ఎందుకన్నా. "కొండవీటి దొంగ" వేయండి. 1990. మెగాస్టార్. ఇళయరాజా. ముసుగేసుకుని గుర్రం మీద వస్తుంటే మీ అయిదో ఫ్లోరు వాళ్ళే పైకొచ్చి ఈల వేస్తారు. కొండవీడు మనకి పక్కనే, ఆ రాబిన్‌హుడ్ అడవి షేర్వుడ్ ఎక్కడుందో గూగుల్‌లో వెతుక్కోవాలి.

ఏలూరు కాలువ (విజయవాడ) · 10:05

1991ది మాత్రం వద్దు గురూ. అందులో హీరో డోవర్ దగ్గర ఓడ దిగుతాడు. అది ఇంగ్లండ్‌కి అడుగున, ఆగ్నేయ మూల. రాత్రికల్లా నాటింగ్‌హామ్‌లో మా నాన్న దగ్గర ఉంటాం అని నడక మొదలెడతాడు. దారిలో రోమన్ల కాలం నాటి హేడ్రియన్ గోడ తగులుతుంది. అదెక్కడుందో తెలుసా? నాటింగ్‌హామ్ దాటి ఇంకా బోలెడు పైకి వెళ్తే స్కాట్లండ్ వైపు ఉంది. మనవాడు చెన్నైలో దిగి, సాయంత్రానికి బెజవాడ వచ్చేస్తానని బయల్దేరి, మధ్యలో ఇచ్ఛాపురంలో టీ తాగినట్టు.

ప్రకాశం బ్యారేజి · 10:11

😂😂 ఇచ్ఛాపురంలో టీ

ఆ గోడ దగ్గర ఒంటరిగా నిలబడ్డ చెట్టు ఉంటుంది కదా ఆ సీన్లో, సికమోర్ చెట్టు. ఆ సినిమా తర్వాత దాన్ని అందరూ రాబిన్‌హుడ్ చెట్టు అనేవాళ్ళు. 2023 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఎవరో రంపంతో కోసేశారు. పేపర్లో ఫొటో చూసి నాకు నిజంగా బాధేసింది. ఎక్కడి చెట్టు, ఎక్కడి నేను!

అయినా 1991 దానిలో షెరీఫ్‌గా వేసిన ఆలన్ రిక్‌మన్ కోసం ఒకసారి చూడొచ్చు. విలన్ అంత సరదాగా ఉంటే హీరోని ఎవడు పట్టించుకుంటాడు?

కెమెరా కన్ను (విజయవాడ) · 10:30

డాబా టాకీస్ గారూ, 1938ది వేయండి, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీసి బతికేవాణ్ణి, రంగుల సంగతి కాస్త తెలుసు. ఈ సినిమా రంగులు చూసినప్పుడల్లా నాకు అసూయ. అప్పటి టెక్నికలర్ కెమెరాలో మూడు ఫిల్ములు ఒకేసారి తిరిగేవి. లోపల గాజు పట్టకం వెలుగుని విడగొడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా పడేవి. కెమెరా బీరువా అంత బరువు. మామూలు సినిమాకి పెట్టే లైట్లకి ఎన్నో రెట్లు పెడితే గానీ బొమ్మ పడేది కాదు. వాళ్ళు దాన్ని మోసుకెళ్ళి కాలిఫోర్నియాలో చికో అనే ఊరి పార్కులో షేర్వుడ్ అడవిని తయారుచేశారు. ఆ చెట్ల ఆకుపచ్చ, ఆ బట్టల ఎరుపు అద్దకం వేసినట్టుంటాయి.

దర్శకులు ఇద్దరు. మొదట విలియం కీలీ తీశాడు, ఆలస్యమవుతోందని వార్నర్ స్టూడియో వాళ్ళు మైఖేల్ కర్టిజ్‌ని దించారు. చివరి కత్తియుద్ధం చూడండి. రాబిన్, గై ఆఫ్ గిస్బోర్న్ కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఫ్రేమ్ లోంచి బయటికి వెళ్ళిపోతారు. స్తంభం మీద వాళ్ళ నీడలు మాత్రం ఆకాశమంత ఎత్తున కొట్టుకుంటుంటాయి. అది కర్టిజ్ సంతకం. ఇంకో సంగతి, గిస్బోర్న్ వేసిన బేసిల్ రాత్‌బోన్‌కి కత్తి నిజంగా తిప్పడం వచ్చు. పాపం విలన్ కాబట్టి ప్రతిసారీ చావాల్సిందే.

ఒకటి అడగాలి, బెడ్‌షీట్ తెల్లదేనా?

డాబా టాకీస్ · 10:34

నెమళ్ళున్నాయి.

కెమెరా కన్ను · 10:35

దండం పెడతాను, అది వద్దు.

బ్రాడీపేట రెండో లైను (గుంటూరు) · సోమవారం ఉదయం 6:10

పిల్లలూ, రాత్రి పదింటికే పడుకునే అలవాటు నాది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను గనుక ఈ దొంగ నాకు పాత పరిచయస్తుడే.

మొట్టమొదట సాహిత్యంలో రాబిన్‌హుడ్ పేరు వచ్చింది 1377 ప్రాంతంలో రాసిన ఒక కావ్యంలో. అందులో ఒక సోమరి చర్చి గురువు ఉంటాడు. తనకి ప్రార్థన సరిగా రాదు గానీ రాబిన్‌హుడ్ పాటలు మాత్రం వచ్చునని ఒప్పుకుంటాడు. అంటే అప్పటికే జనం నోళ్ళలో ఈ పాటలు నానుతున్నాయన్నమాట. మన గుడి పూజారికి మంత్రం తప్పుతుంది గానీ బాలనాగమ్మ కథ మొత్తం వచ్చు అన్నట్టు.

మీరు సినిమాల్లో చూసే రాబిన్ ఆ పాత పాటల్లో లేడు. పాటల్లో వాడు జమీందారు కాదు, సొంత కాళ్ళ మీద బతికే మామూలు రైతుబిడ్డ లాంటివాడు. 1598లో ఒక నాటకకర్త వాణ్ణి ఎర్ల్‌ని, అంటే పెద్ద దొరని చేశాడు. ఇంగ్లండ్‌లో ముందునుంచీ ఉన్న సాక్సన్లు, వాళ్ళని గెలిచి ఏలిన నార్మన్లు అనే గొడవని ఈ కథకి గట్టిగా అతికించింది 1819లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల "ఐవన్‌హో". బాణాన్ని బాణంతో చీల్చే పందెం కూడా అక్కణ్ణుంచే. 1938 సినిమా ఈ అతుకులన్నీ కలిపి కుట్టిన బొంత. అయినా కుట్టు కనపడదు, అది వాళ్ళ గొప్పతనం.

మంగళగిరి చేనేత · 7:45

మాస్టారూ, రాబిన్ ప్రేమించే మేరియన్ సంగతి వదిలేశారు. ఆమె కూడా ఆ పాత పాటల్లో లేదు కదా? మే నెల పండగ ఆటల్లోంచి తర్వాత వచ్చి చేరిందని చదివాను. నాకు ఈ సినిమా నచ్చడానికి కారణం ఆమే. బాణాల పందెంలో రాబిన్ దొరికిపోతాడు, ఉరి ఖాయమవుతుంది. అప్పుడు వాడి మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఎలా విడిపించాలో ప్లాన్ చెప్పింది ఎవరు? మేరియనే. అంతమంది మగాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. ఆ వేషం వేసిన ఒలీవియా డి హావిలాండ్ 104 ఏళ్ళు బతికి 2020లో పోయింది.

ఆమె ఎక్కిన గుర్రం సంగతి తెలుసా? ఆ బంగారు రంగు గుర్రమే తర్వాత ట్రిగ్గర్ అనే పేరుతో కౌబాయ్ సినిమాల్లో హీరో అంత పేరు తెచ్చుకుంది.

మిర్చి యార్డు · 8:20

గుర్రానికి కూడా ఫ్యాన్స్ ఉన్నారన్నమాట. మా కొండవీటి గుర్రాన్ని ఎవరూ అడగరు.

గాంధీనగర్ గ్యాలరీ (విజయవాడ) · 9:02

కొండవీటి దొంగకి బాబు లాంటిది "బందిపోటు" ఉంది. 1963, విఠలాచార్య, ఎన్టీఆర్, కృష్ణకుమారి. దొరల్ని దోచి పేదలకి పంచేవాడు, అచ్చం రాబిన్‌హుడ్. ఘంటసాల సంగీతం. "ఊహలు గుసగుసలాడే" ఒక్కటి చాలు, డాబా మీద వెన్నెల్లో వింటే మీ అపార్ట్‌మెంట్ పెద్దవాళ్ళు కూడా దిగరు.

మిర్చి యార్డు · 9:10

బాబు, కొడుకు అని మొదలెట్టారా మళ్ళీ?

మోడరేటర్ · 11:30

ఈ రెండు పోస్టుల తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. హీరోల కలెక్షన్లు, కులాలు, ఎవరి తాత ఎవరు అనే చర్చలకి వేరే చోట్లు బోలెడున్నాయి. ఇది పిల్లలకి సినిమా వేయడం గురించిన చర్చ.

బ్రాడీపేట రెండో లైను · మధ్యాహ్నం 3:15

మోడరేటర్ గారికి కృతజ్ఞతలు. నిద్ర లేచేసరికి గాలి మారింది.

ఎన్టీఆర్ పేరు వచ్చింది గనుక చెప్తాను. ఆయన చదివిన ఏసీ కాలేజీ మా ఇంటికి దగ్గరే. సబ్‌రిజిస్ట్రారుగా కొన్ని వారాలు పనిచేసి, ఆ కుర్చీ వదిలేసి మద్రాసు రైలెక్కాడు. ఆయన దొంగ వేషాల్లో బందిపోటు కంటే ముందే వచ్చిన "అగ్గిరాముడు" ఉంది, 1954. తమిళంలో ఎమ్జీఆర్ వేసిన "మలైక్కళ్ళన్"కి తెలుగు రూపం. హిందీలో అదే కథ "ఆజాద్" అయింది, దిలీప్‌కుమార్ వేశాడు. ఒక్క కొండ దొంగ ఎన్ని భాషల్లో తిరిగాడో చూడండి.

ఆ అగ్గిరాముడులో మన పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ ఉంది, అల్లూరి సీతారామరాజు మీద. షేక్ నాజర్ అంటే తెలియని కుర్రాళ్ళకి చెప్తున్నాను, మన గుంటూరు జిల్లావాడు, బుర్రకథకి ఆయనే చిరునామా, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. దొంగ సినిమాలో విప్లవకారుడి కథ పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, చూసినవాళ్ళకి ఆ తంబురా మోత సినిమా కంటే ఎక్కువ కాలం గుర్తుండిపోయింది. నాకైతే అంతే.

అక్కణ్ణుంచి నాకు తట్టింది. డాబా టాకీస్, నీ సమస్య ఇంగ్లీషు కదా. సబ్‌టైటిల్స్ చదివే ఓపిక రెండో క్లాసు పిల్లకి ఉండదు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు. నువ్వూ చెప్పు. ఒక్కడివే చెప్తే పాఠం అవుతుంది, అందుకని బుర్రకథ లాగా ముగ్గురు నిలబడండి. మధ్యలో కథకుడు. ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత. రాబిన్ జట్టులో లావుపాటి సన్యాసి ఫ్రయర్ టక్ వచ్చినప్పుడల్లా హాస్యం వాడు అందుకోవాలి. ప్రిన్స్ జాన్ పన్నులు వేసినప్పుడల్లా రాజకీయం వాడు అందుకోవాలి. తందాన తాన.

కెమెరా కన్ను · 3:40

మాస్టారూ, ఐడియా బ్రహ్మాండం. కానీ సౌండు ఆపొద్దు, కాళ్ళు పట్టుకుంటాను. ఆ సంగీతం కోర్న్‌గోల్డ్‌ది. ఆయన వియన్నా నుంచి వచ్చి మొదట ఈ సినిమా చేయనన్నాడు, ఇదంతా ఫైటింగులే, నా వల్ల కాదని. సరిగ్గా ఆ రోజుల్లోనే హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాడు, 1938 మార్చి. ఆయన యూదు. వెనక్కి వెళ్ళుంటే ఏమయ్యేదో మనకి తెలుసు. రాబిన్‌హుడ్ నా ప్రాణం కాపాడాడు అని తర్వాత చెప్పుకునేవాడు. ఆ సంగీతానికే ఆస్కార్ వచ్చింది.

డాబా టాకీస్ · 4:05

మాటలున్న చోట సౌండు తగ్గించి మేం చెప్తాం, కత్తులు తీసినప్పుడు మేం నోరు మూసుకుంటాం. ఒప్పందమేనా?

కెమెరా కన్ను · 4:06

ఒప్పందమే.

మాచర్ల రోడ్డు (పల్నాడు) · రాత్రి 8:50

మొదటి పోస్టులో జింక సంగతి చదివి ఆగలేక రాస్తున్నా. అందరూ ఉన్నోడిని దోచి లేనోడికి పెట్టాడు అనే దాని చుట్టూ తిరుగుతున్నారు. అసలు గొడవ జింకది. అడవిది. ఇంగ్లండ్‌లో నార్మన్ రాజులు వచ్చి అడవి మొత్తం మాదే అన్నారు. జింకని కొడితే కళ్ళు పీకడం, కాళ్ళూ చేతులూ తీయడం దాకా వెళ్ళింది. 1217లో అడవి చార్టర్ అని ఒకటి తెచ్చి, వేట మాంసం కోసం ఎవడి ప్రాణమూ అవయవమూ తీయకూడదు అని రాసుకోవాల్సి వచ్చింది. రాసుకున్నారంటే అంతకుముందు తీసినట్టే కదా.

మా వైపు ఈ కథ పుస్తకంలో చదవక్కర్లేదు. పుల్లరి అంటే పల్నాట్లో పెద్దవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. మన గొడ్డు మన ఊరి పక్క అడవిలో గడ్డి మేస్తే సర్కారుకి పన్ను. కట్టకపోతే గొడ్లని బందెలదొడ్లో పెట్టేవాళ్ళు. 1921లో పల్నాడు రైతులు కట్టం అన్నారు. వాళ్ళ ముందు నిలబడిన మించాలపాడు కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. జింక ఉన్న చోట గొడ్డు పెట్టండి, కథ అదే.

బ్రాడీపేట రెండో లైను · మంగళవారం ఉదయం 6:05

నాయనా, ఒక్క మాట. హనుమంతు గారు దొంగ కాదు. అడవిలో దాక్కుని దారి కాచినవాడు కాదు. పట్టపగలు ఊళ్ళో నిలబడి కట్టనన్నవాడు. ఆయన్ని ఈ వరసలో కలపడం నాకు నచ్చలేదు.

మాచర్ల రోడ్డు · 7:20

మాస్టారూ, నేను కలపలేదు. దొంగ అనే మాట ఎవరు పెడతారో అది చూడమంటున్నా. రాబిన్ని దొంగ అన్నది షెరీఫ్. గిట్టనివాడికల్లా సర్కారు అప్పట్లో ఆ పేరే పెట్టేది.

బాపట్ల రైలు · 10:15

మాట వచ్చింది కాబట్టి. మా పక్కన స్టూవర్టుపురం ఉంది. ఆ ఊరి పేరు చెప్తే ఇప్పటికీ బస్సులో నవ్వేవాళ్ళున్నారు, పర్సు జాగ్రత్త అని. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన ఒక చట్టం కొన్ని కులాలకి పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి పెట్టిన సెటిల్‌మెంట్ అది, ఒక తెల్ల అధికారి పేరు మీద. పొద్దున, రాత్రి హాజరు పలకాలి. పక్క ఊరికి వెళ్ళాలంటే చీటీ కావాలి. ఆ ఊళ్ళో టీచర్లు ఉన్నారు, గవర్నమెంట్ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఉన్నారు. నాతో చదువుకున్నవాడు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఊరి పేరు చెప్పాలంటే టెన్షన్ పడేవాడు. రాబిన్‌హుడ్‌కి ముద్ర పడితే బొమ్మ కట్టి పూజ చేస్తారు. అందరికీ ఆ అదృష్టం లేదు. పిల్లలకి కథ చెప్పేటప్పుడు "దొంగ దొంగ" అని నవ్వించకండి అని మాత్రం మనవి.

డాబా టాకీస్ · 10:40

బాపట్ల అన్నా, గుర్తుపెట్టుకుంటాను. మా కథలో వాడు "అడవి మనిషి" అంటాం.

ప్రకాశం బ్యారేజి · 11:00

కార్టూన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. రాబిన్ నక్క, ప్రిన్స్ జాన్ బొటనవేలు నోట్లో పెట్టుకునే సింహం. మరీ చిన్నపిల్లలుంటే అదే బెస్టు. కాకపోతే డాన్సు సీన్లో మేరియన్ అడుగులు పాత స్నో వైట్ సినిమాలోంచి దించేశారు, కనిపెట్టిన పిల్లలకి ఐస్‌క్రీమ్ అని పందెం పెట్టొచ్చు.

ఏలూరు కాలువ · 11:12

రాబిన్ జతగాడు లిటిల్ జాన్ గురించి చెప్పడం మర్చిపోయాం. 1938లో వేసిన ఆలన్ హేల్ అంతకుముందు 1922 మూకీలో కూడా లిటిల్ జానే. 1950లో ఇంకో సినిమాలో మళ్ళీ లిటిల్ జానే. ముప్ఫై ఏళ్ళు ఒకే వేషం. మన దగ్గర నారదుడికి కాంతారావు ఎలాగో, వాళ్ళకి ఈయన అలాగ. దుంగ మీద రాబిన్‌తో కర్రలతో కొట్టుకునే సీను వచ్చినప్పుడు కథ ఆపేసి కర్రసాము అని చెప్తే పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది.

డాబా టాకీస్ · ఆదివారం ఉదయం 8:30

అయ్యింది. గొంతు లేదు, అందుకే రాస్తున్నాను.

తెర: నెమళ్ళ బెడ్‌షీట్ ఆఖరికి పక్కన పెట్టాం. మూడో ఫ్లోరు తాతగారివి రెండు తెల్ల పంచెలు తెచ్చి అంచులు లోపలికి మడిచి మా అమ్మ కుట్టింది. రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య తాడు కట్టాం. చీకటి పడ్డాక కృష్ణ వైపు నుంచి గాలి మొదలైంది. గాలికి పంచె ఉబ్బినప్పుడల్లా ఫ్రయర్ టక్ పొట్ట ఇంకో మూరెడు పెరిగింది. ఇది మేం అనుకోని హాస్యం.

వంతలు: హాస్యం వంత మా వాడు, ఆరో క్లాసు. ఫ్రయర్ టక్‌ని "ఫాదర్ గారు" అన్నాడు. రాబిన్ ఆయన వీపెక్కి ఏరు దాటేటప్పుడు "ఫాదర్ గారూ, ఆటో ఎంత?" అన్నాడు. రాజకీయం వంత రెండో ఫ్లోరు అమ్మాయి, తొమ్మిదో క్లాసు. ఆ పిల్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలని నాకు అప్పుడు తెలియదు. రాజు రిచర్డ్‌ని ఆస్ట్రియాలో పట్టుకుని డబ్బు అడిగారు, విడిపించడానికని చెప్పి తమ్ముడు జనం దగ్గర వసూలు చేసి తన జేబులో వేసుకుంటున్నాడు అని నేను చెప్పగానే, ఆ పిల్ల మైకు లాక్కుని "లిఫ్ట్ రిపేరు అని చెప్పి మెయింటెనెన్స్ పెంచినట్టు, తందాన తాన" అంది. ముందు వరసలో కుర్చీ వేసుకుని మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు కూర్చునున్నారు. ఆయన కూడా నవ్వారు. కొంచెం ఆలస్యంగా నవ్వారు.

జింక సీను వచ్చింది. పిల్లలందరూ గప్‌చుప్. మా అమ్మ మాత్రం "అంత జింకని అలాగే బల్ల మీద పెడితే ఎవరు కోస్తార్రా?" అంది. ముప్ఫై ఏళ్ళుగా నేను ఆ పొగరుని చూస్తున్నాను గానీ ఆ బల్ల తుడిచేవాడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

మాచర్ల అన్నా, అక్కడ పుల్లరి సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. "గడ్డికి కూడా పన్నా?" అని నాలుగో క్లాసువాడు నిజంగా కోపంతో అడిగాడు. జింక కంటే గడ్డే వాడికి అన్యాయంగా తోచింది.

ప్రేమ సీన్లలో చిన్నపిల్లలు సగం మంది నిద్రపోయారు. బాణాల పందేనికి లేపాం. అవతలివాడి బాణం నడిమధ్యన గుచ్చుకుని ఉంటే, రాబిన్ బాణం వచ్చి దాన్ని నిలువునా చీల్చుకుంటూ దిగిందే, అప్పుడు డాబా లేచిపోయింది. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలదన్నేవాడు వీడు. రెండుసార్లు వెనక్కి తిప్పి వేయమన్నారు. వేశాం.

కెమెరా కన్ను గారూ, నీడల కత్తియుద్ధం దగ్గర మాట నిలబెట్టుకున్నాం. ముగ్గురం నోరు మూసుకున్నాం. సౌండు పూర్తిగా పెంచాం. అయిదో ఫ్లోరు వాళ్ళు పైకొచ్చారు. తిట్టలేదు, మెట్ల దగ్గర నిలబడి చూశారు.

కెమెరా కన్ను · 8:41

ఇది చాలు నాకు.

మంగళగిరి చేనేత · 8:55

మేరియన్ ప్లాన్ సీను నిద్రలో పోయిందా??

డాబా టాకీస్ · 8:58

లేదక్కా, అది రాజకీయం వంతే చెప్పింది, నన్ను చెప్పనివ్వలేదు. "ఇప్పుడు అమ్మాయి చెప్తే మగాళ్ళందరూ రాసుకుంటున్నారు" అంది.

డాబా టాకీస్ · సాయంత్రం 6:20

అప్‌డేట్. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఇప్పుడే నోటీసు వచ్చింది. నాలుగు ఫ్లోర్లలో కొబ్బరి చీపుళ్ళు పుల్లలు లేకుండా ముళ్ళు మాత్రం మిగిలాయట. పార్కింగ్‌లో ఒక స్కూటర్ సీటు మీద పుల్లబాణాలు దొరికాయి. ఆ స్కూటర్ ఎవరిదో చెప్పక్కర్లేదు. మెయింటెనెన్స్ విషయం చర్చించడానికి మీటింగ్ కూడా పెట్టారు.

మిర్చి యార్డు · 6:31

అయితే వచ్చే శనివారం కొండవీటి దొంగ ఖాయమా?

డాబా టాకీస్ · 6:40

మీటింగ్ గట్టెక్కితే. కాకపోతే తెర లేదు తమ్ముడూ. తాతగారు పంచెలు వెనక్కి అడిగారు, ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాలట. కుట్లు విప్పి ఇచ్చేశాం.

బ్రాడీపేట రెండో లైను · సోమవారం ఉదయం 6:02

నా దగ్గర రెండున్నాయి, అంచు సన్నది. గుంటూరు వచ్చి తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఆ రాజకీయం వంతని వెంటబెట్టుకు రా.